పోగయ్య కట్టిన మూడు సగం గూళ్లు

చెరకు తోట గట్టున ఓ పాత దిగుడుబావి. కొన్ని కొమ్మలు బావి మీదికి, కొన్ని నేల మీదికి చాచిన తుమ్మచెట్టు ఒకటి దాని పక్కనే ఉంది. ఆ చెట్టు మీద పోగయ్య అనే గిజిగాడు గూడు కడుతున్నాడు. గూడు కాదులెండి, గూళ్లు. ఒకటి నేల వైపు లావు కొమ్మకి, ఒకటి నడుమ ముళ్లలో, ఇంకొకటి బావి మీద ఊగే సన్న కొమ్మ చివర. మూడూ సగం సగమే. గిజిగాళ్ల ఇళ్లలో పద్ధతి అది. మగాడు సగం కట్టి ఆపాలి. ఇల్లాలు వచ్చి, లోపల దూరి, పోగు పోగూ లాగి చూసి, నచ్చితే ఊఁ అనాలి. నచ్చకపోతే మళ్లీ మొదలు. పాపం, మగాడి బతుకు అంతే.

ఈసారి పోగయ్యకి గుండె దడగా ఉంది. పోయినేడు గాలివానకి గూడు తెగి ముగ్గురు పిల్లలూ నేలన పడి దక్కకుండా పోయారు. ఆ దిగులు ఇంకా తీరలేదు.

అంతలో చెట్టు కింద నుంచి నక్క మామ పలకరించాడు. "ఏం అల్లుడూ, మూడు చోట్లా సగం పనేనా?"

"ఎక్కడ కడితే పిల్లలు దక్కుతారో తేలడం లేదు మామా."

"తేలకపోవడానికేముంది? బావి మీద కడితే పిల్లలు జారి నీళ్లలో పడతారు. ముళ్లలో కడితే రెక్కలు చీరుకుపోతాయి. నేల వైపు కట్టు. పడినా మెత్తటి మట్టి. ఉన్నది ఒక్కటే దారి."

పోగయ్యకి ప్రాణం లేచొచ్చింది. చెరకాకు చీలికలు తెచ్చి నేల వైపు గూడు గబగబా అల్లేస్తున్నాడు. అప్పుడే వచ్చింది ఇల్లాలు పుల్లమ్మ.

"నన్నడక్కుండా గూటి గుమ్మం దాకా అల్లేశావేమయ్యా?"

"పడినా దెబ్బ తగలదని నక్క మామ చెప్పాడే."

"పడితే ఎక్కడ పడాలా అని చూస్తున్నావా? అసలు పడకుండా ఏం చెయ్యాలో చూడవా? పోయినేడు గూడెందుకు తెగింది?"

"తేలికగా ఉండి గాలికి తెగ ఊగింది."

"అయితే లోపల తడిమట్టి మెత్తి బరువు పెట్టొచ్చు. లేదా పైన ముడి రెండింతలు వెయ్యొచ్చు. కావాలంటే రెండూ చెయ్యొచ్చు. మరి పాము వస్తే?"

"ముళ్లలోకి రాదు. సన్న కొమ్మ చివరికీ రాదు."

"నేల మీద తిరిగేవాళ్లు?"

"వాళ్లు బావి మీదికి రాలేరు." ఆ మాట అన్నాక పోగయ్య ముక్కు కొమ్మకి రాసుకుంటూ ఆగిపోయాడు.

పుల్లమ్మ గొంతు తగ్గించింది. "పోయినేడు మన పిల్లలు పడింది ఆ మెత్తటి మట్టి మీదే. నువ్వూ నేనూ కిందికి దిగేసరికి ఒక్కడైనా ఉన్నాడా?"

పోగయ్యకి ఏడుపొచ్చింది. కిందికి చూశాడు. నక్క మామ మూతి నాక్కుంటున్నాడు.

వెంటనే ఇద్దరూ బావి మీది గూటికి ముడులు బిగించారు, లోపల మట్టి మెత్తారు. "మరి మామకి కోపం రాదూ?" అన్నాడు పోగయ్య.

"ఎందుకొస్తుంది? ఆయన చెప్పింది కూడా చేద్దాం," అంది పుల్లమ్మ.

నేల వైపు గూటి నిండా మట్టి ముద్దలు కూరి, రెండంటే రెండు పోగులతో వేలాడదీశారు. రోజూ పొద్దున్నే దాని మీద వాలి ఇద్దరూ ఒకటే కబుర్లు. నక్క మామ పీతల్ని మానేశాడు, పొలం ఎలుకల్నీ మానేశాడు. నెల రోజులు ఆ గూటి కిందే పడుకుని డొక్కలు ఎండబెట్టుకున్నాడు. బావి వైపు తల తిప్పితే ఒట్టు.

ఓ సాయంత్రం గాలి లేచింది. పైన పోగులు పుటుక్కుమన్నాయి. ఒక్క పిల్లైనా నేల జారకూడదని మామ నోరు బార్లా తెరిచి పట్టుకున్నాడు. నోటి నిండా మట్టి పడింది. రెండు పళ్లు కదిలాయి.

"మెత్తగానే ఉందా మామా?" అని అడిగాడు పోగయ్య. బావి మీది గూట్లోంచి ముగ్గురు పిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నారు.

మామ జవాబు చెప్పలేదు. నోరు ఖాళీ లేదు మరి.

ఉన్నది ఒక్కటే దారి అని ఎవడైనా చెబితే, ముందు వాడి కడుపుకేసి చూడండి.