బొంతయ్య ఆకుగుంట

అనగనగా, వేసవిలో కూడా ఆకుల కింద నేల చెమ్మ ఆరని ఒక కొండ అడవి ఉండేదర్రా పిల్లలూ. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి. దాని పేరు బొంతయ్య. జంతువుల ఇళ్ళ ముందు తోటలు వేయడం బొంతయ్య పని. కుందేళ్ళ బొరియ ముందు గరిక పరిచింది అతనే. కొండముచ్చులకు జామచెట్లు నాటింది అతనే. దుప్పులు వాగులోకి దిగే దారికి రాళ్ళు పేర్చింది కూడా అతనే.

ఆ పనిలో అతనికి తోడు సూదమ్మ అనే ముళ్ళపంది. బొంతయ్య తవ్వేవాడు, మోసేవాడు. సూదమ్మ కొమ్మలు కత్తిరించేది, పాదులు చేసేది. ఇద్దరూ దేన్నీ పారేసేవాళ్ళు కాదు. కత్తిరించిన కొమ్మలు కంచె అయ్యేవి. పాత దారి రాళ్ళు కొత్త దారికి వెళ్ళేవి. ఎండిన ఆనపకాయ బుర్రలతో మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళు. ఇక రాలిన ఆకులు, పీకిన కలుపు, కుళ్ళిన పండ్లు అన్నీ బొంతయ్య గుహ పక్కనున్న గుంటలో పడేవి.

ఆ గుంటలో వేలకొద్దీ వానపాములు ఉండేవి. వాటన్నిటికీ పెద్దది ఎర్రమ్మ. అందరికీ అవ్వ. ఆకులు తిని నల్లటి మెత్తటి మట్టి చేయడం వాళ్ళ పని. ఎక్కడ కొత్త తోట వేసినా బొంతయ్య ఆ మట్టే మోసుకెళ్ళేవాడు. మట్టితో పాటు ఎర్రమ్మ పిల్లలు కొందరు వెళ్ళి అక్కడే కాపురం పెట్టేవాళ్ళు. వాళ్ళు నేలలో చేసిన సన్నటి దారుల్లోంచి వాననీళ్ళు లోపలికి ఇంకిపోయేవి. అందుకే ఆ కొండమీద ఎంత వాన పడ్డా మట్టి కదిలేది కాదు.

రోజూ పొద్దున్నే బొంతయ్య గుంట దగ్గరికి వచ్చి పలకరించేవాడు.

"ఏం అవ్వా, కులాసానా?"

"ఏం కులాసా నాయనా! నిన్న నువ్వు వేసిన మామిడాకు తోలు లాగా ఉంది. మేం పళ్ళులేని వాళ్ళం. మాకు మునగాకు వేస్తే నీ సొమ్మేం పోయింది?" అనేది ఎర్రమ్మ.

బొంతయ్య కడుపుబ్బ నవ్వేవాడు. మర్నాడు వెతికి మరీ మునగాకు తెచ్చేవాడు.

ఒక ఎండాకాలం, పింఛాల దొర అనే నెమలి బొంతయ్య దగ్గరికి వచ్చింది. కుందేళ్ళ బొరియలకు పైన, ఏటవాలు నేలలో ఆ నెమలి నివాసం.

"ఏమయ్యా బొంతయ్యా, తొలకరికి ముందే పెద్దపులిగారు మా ఇంటికి వస్తున్నారు. నా ఆటస్థలం చుట్టూ తోట కావాలి. నేల మీద ఒక్క ఎండుటాకు కనబడకూడదు. అరచేతిలా నున్నగా ఉండాలి" అన్నాడు పింఛాల దొర.

"అట్లాగే దొరా" అన్నాడు బొంతయ్య.

దొర ముక్కు చిట్లించాడు. "ఇంతకీ ఈ వాసనేమిటి? ఆ కుళ్ళుగుంట నీదేనా? పులిగారు నీ పని మెచ్చుకుని నీ ఇల్లు చూస్తానంటే ఏం చూపిస్తావు? మూడో రోజు పొద్దున మళ్ళీ వస్తాను. అప్పటికి ఈ గుంట ఉంటే, పని ఇంకొకరికి ఇస్తాను."

నెమలి వెళ్ళిపోగానే సూదమ్మ అంది, "ఒప్పుకోకన్నా. మనకు పనులు లేకపోలేదు కదా."

"పెద్దపులి చూస్తుంది సూదమ్మా! ఎన్నాళ్ళని కుందేళ్ళ వాకిట్లో గరిక నాటుకుంటూ ఉంటాం? మన పేరు నాలుగు అడవులకు తెలియొద్దూ?" అన్నాడు బొంతయ్య.

తర్వాత ఎర్రమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఎప్పటిలా పలకరించలేదు.

"అవ్వా, ఈ గుంట తీసేయాలి" అన్నాడు.

ఎర్రమ్మ మెల్లగా అడిగింది. "తొలకరి దాకా ఆగరాదా నాయనా? పైన నేల పెనంలా ఉంది. అడుగున గుడ్లున్నాయి. పసివాళ్ళున్నారు."

"ఆగలేను అవ్వా."

"సరే, మూడు రోజులివ్వు. పిల్లల్ని వాగు ఒడ్డుకు చేరుస్తాం. పగలు కదలలేం. చీకటి పడ్డాక కొంచెం కొంచెంగా వెళ్ళాలి."

"మూడు రోజులు. మాటిస్తున్నాను" అన్నాడు బొంతయ్య.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు తెల్లవారింది. పింఛాల దొర వచ్చే వేళయింది. గుంట ఇంకా గుంటలానే ఉంది. పైన ఎండుటాకులు పొడిగా గలగలమంటున్నాయి. బొంతయ్య తొంగి చూశాడు. ఎవరూ కనబడలేదు. 'చాలామంది వెళ్ళిపోయే ఉంటారు' అనుకున్నాడు. "అవ్వా, వెళ్ళారా?" అని ఒక్క పిలుపు పిలిస్తే తెలిసిపోయేది. కానీ పిలవలేదు. పిలిస్తే ఆమె పలుకుతుందేమోనని అతని భయం.

అడవి అంచున మనుషుల బొగ్గులబట్టీ ఒకటి రగులుతూ ఉంది. బొంతయ్య అక్కడినుంచి ఒక రాతిపలక మీద నిప్పుకణికలు మోసుకొచ్చాడు. గుంటలో వేశాడు.

పొగ చూసి సూదమ్మ పరుగున వచ్చింది. బుర్రలతో నీళ్ళు తెచ్చి పోసింది. పోసినకొద్దీ గుంట బుస్సుమంది. మంట ఆరేసరికి అంతా బూడిద. ఒక మూల మాత్రం కాస్త తడి మిగిలింది. అక్కడ గుడ్ల చుట్టూ చుట్టుకుని ఎర్రమ్మ ఉంది. ఆమె ఒళ్ళు సగం కమిలిపోయింది.

బొంతయ్య వంగి చూశాడు. "అవ్వా..." అన్నాడు.

"రెండు రోజులే అయింది కదా నాయనా" అంది ఎర్రమ్మ. తిట్టలేదు. లెక్క తప్పింది తనేనేమో అన్నట్టు అడిగింది. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు. ఆ గుడ్లలోంచి పిల్లలు కూడా రాలేదు.

సూదమ్మ చేతిలోని బుర్ర కింద పెట్టింది. "నీతో ఇంక పని చేయలేనన్నా" అంది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పింఛాల దొర వచ్చి చూసి, "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

బొంతయ్య ఒక్కడే తోట వేశాడు. ఏటవాలు మీదున్న ఎండుటాకులన్నీ ఊడ్చి కాల్చాడు. కప్పు పోయిన నేల ఎండకు పెంకులా గట్టిపడింది. అందులో ఉన్న కొద్దిపాటి వానపాములూ ఎండిపోయాయి. వేయడానికి నల్లమట్టి లేదు. ఎక్కడినుంచో పెద్ద మొక్కలు పీకి తెచ్చి, గుంటలు తీసి నిలబెట్టాడు. చూడడానికి అందంగానే ఉంది.

పెద్దపులి వచ్చింది. ఎండకు అలసిపోయి ఉందేమో, నీడ చూసుకుని పడుకుంది. సాయంత్రం లేచి, ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోయింది. ఈ తోట ఎవరు వేశారని అడగలేదు. అసలు తోట చూసిందో లేదో కూడా తెలియదు.

తర్వాత వానలు మొదలయ్యాయి.

మొదటి వానకు నీళ్ళు నేలలోకి దిగలేదు. గట్టినేల మీద జారి కిందికి పోయాయి.

రెండో వానకు మొక్కల వేళ్ళు బయటపడ్డాయి. నేల మీద చేయంత లోతు చారలు పడ్డాయి.

మూడో వాన రెండు రోజులు ఆగకుండా కురిసింది. ఆటస్థలం, మొక్కలు, రాళ్ళు అన్నీ కలిసి ఒక్కసారిగా జారి కుందేళ్ళ బొరియల మీద పడ్డాయి. కుందేళ్ళు వెనకదారిన బయటపడ్డాయి గానీ బొరియలన్నీ బురదతో పూడిపోయాయి. బొంతయ్య ఏడుస్తూ రెండు చేతులతో బురద తోడబోయాడు.

తల్లి కుందేలు అతన్ని ఆపింది. "వద్దు మామా. ఇంకా పైనుంచి జారుతూనే ఉంది. నువ్వు వేసిన గరిక మీద నా పిల్లలు ఆడుకున్నారు. నిన్నేమీ అనలేను. కానీ ఇక్కడ ఉండలేం" అంది. తడిసిన పిల్లల్ని వెంటబెట్టుకుని అవతలి కొండకు వెళ్ళిపోయింది. పింఛాల దొర కూడా, "పనిరానివాణ్ణి నమ్మాను" అంటూ ఎగిరిపోయాడు.

బొంతయ్య వానపాముల కోసం బయలుదేరాడు. ముందు వాగు ఒడ్డుకు వెళ్ళి పిలిచాడు. అక్కడి వాళ్ళు అతని అడుగుల అదురు వినగానే లోపలికి దిగిపోయారు. తర్వాత వెదురుపొదల లోయకు వెళ్ళాడు.

"మా కొండకు రండి. మీకేం కావాలన్నా తెస్తాను" అని బతిమాలాడు.

"మా ఎర్రమ్మక్కకు కూడా నువ్వు మాటిచ్చావు" అంది మట్టిలోంచి ఒక గొంతు. అంతే, మళ్ళీ వినబడలేదు.

చివరికి చిత్తడినేలకు వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి వానపాము, "రమ్మని పిలవకు. వచ్చేవాళ్ళకు తిండి పెట్టి ఊరుకో. వస్తే వస్తారు, లేకపోతే లేదు" అని చెప్పింది.

బొంతయ్య ఇంటికి వచ్చాడు. బూడిద తీసేశాడు. ఎక్కడెక్కడివో ఆకులు మోసుకొచ్చి గుంట నింపాడు. ఒక ఏడాది గడిచింది. ఎవరూ రాలేదు. రెండో ఏడాదీ అంతే. తోట వేయమని అడిగేవాళ్ళు లేరు. పలకరించేవాళ్ళు లేరు. కొండ సగం బోసిపోయి, ఎర్రగా పుండులా కనబడేది. సూదమ్మ తిరిగి రాలేదు.

మూడో ఏడు, ఒక ముసురు పట్టిన పొద్దున, ఆకుల కింద ఏదో కదిలింది. దారమంత సన్నటి వానపాము పిల్ల. బొంతయ్య ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఆ పిల్ల తల పైకెత్తింది. "ఈ కొండమీద ఒక ఎలుగుబంటి ఉందట. మాటిచ్చి మావాళ్ళను కాల్చేసిందట. అటు వెళ్ళొద్దని మా అమ్మ చెప్పింది. అది నువ్వేనా?" అని అడిగింది.

కాదంటే ఆ పిల్ల ఉండిపోతుంది. బొంతయ్యకు ఆ సంగతి తెలుసు.

"నేనే" అన్నాడు.

ఆ పిల్ల అతన్ని కాసేపు చూసింది. మెల్లగా మట్టిలోకి దిగిపోయింది. గుంటలోనే ఉందో, అడుగునుంచి దూరంగా వెళ్ళిపోయిందో బొంతయ్యకు తెలియలేదు. తవ్వి చూడలేదు. లేచి, తట్ట భుజానికెత్తుకుని, ఆ వానలోనే ఆకుల కోసం వెళ్ళాడు.

నీతి: చెత్త అని మనం కాల్చేసేది మరొకరికి ఇల్లూ, మనకు అన్నం పెట్టే నేలా కావచ్చు, దాన్ని బూడిద చేయడానికి ఒక్క పూట చాలు, తిరిగి తెచ్చుకోవడానికి బతుకంతా చాలకపోవచ్చు.