అద్దంలో యశోద

ఇదిగో అమ్మడూ, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి నుంచి నా కాఫీలో పంచదార బదులు ఉప్పు వెయ్యి. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

కృష్ణ ఒడ్డున ఒక భాగవతుల ఊళ్ళో నరహరయ్యగారని నాట్యాచార్యులు ఉండేవారు. ఆయన శిష్యుడు భీమశంకరం ఆడవేషాలకి పెట్టింది పేరు. జడ వేసుకుని నడిచొస్తే కన్నతల్లే "ఎవరమ్మా నువ్వు?" అంటూ పీట వేసేదిట. అంతటివాడికీ ఒక చిక్కొచ్చి పడింది. ఉయ్యాల్లో కృష్ణుణ్ణి చూసి యశోద నవ్వాలి. ఆ నవ్వు దగ్గరికొచ్చేసరికి గురువుగారు పెదవి విరిచేస్తున్నారు.

ఏడాదిగా శంకరం అద్దం ముందు నవ్వుతూనే ఉన్నాడు. అది అలాంటిలాంటి అద్దం కాదు, ఏనుగు నిలబడితే తొండంతో సహా కనబడేది. తాళం మొదటి దెబ్బకి పెదవి, రెండో దెబ్బకి బుగ్గ, మూడో దెబ్బకి కనుబొమ్మ. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

"ఇంకా ఏం లోటండీ?" అని చివరికి అడిగేశాడు. "రేపే ఆట. యశోద వేషం నాకా, కాదా?"

గురువుగారు మెడ తిప్పి, "అమ్మా రాజ్యం, బుడ్డోణ్ణి ఓసారి ఇలా పట్రా" అని లోపలికి కేకేశారు.

పురిటికొచ్చి ఇంకా అత్తారింటికి వెళ్ళని ఆయన కూతురు రాజ్యం. నాలుగు నెలల కొడుకుని తెచ్చి ఇచ్చింది. గురువుగారు శంకరాన్ని కూర్చోబెట్టి, వాణ్ణి అతని మోకాళ్ళకి ఎదురుమొహంగా ఆనించి, "నవ్వించు" అన్నారు.

ఇంతేనా అనుకున్నాడు శంకరం. పిల్లాడు ముందు అతని జుట్టు అంచు చూశాడు. తర్వాత తిన్నగా కళ్ళకి అతుక్కుపోయాడు. శంకరం నవ్వాడు. పెదవి, బుగ్గ, కనుబొమ్మ. పిల్లాడి వెనకాలే గోడకి ఆ అద్దం. నవ్వు కుదిరిందో లేదో చూసుకోడానికి అతని చూపు ఒకసారి అటు వెళ్ళొచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

పిల్లాడు ఆ కళ్ళ కోసం కాసేపు వెతుక్కున్నాడు. కింది పెదవి ముందుకొచ్చింది. ఆ పైన ఎత్తుకున్నాడు చూడూ రాగం, కృష్ణ అవతలి ఒడ్డున పడవవాడు తెడ్డు జారవిడిచాడు.

"ఏమన్నయ్యా, మావాడికి పూతన కనబడిందా ఏం?" అంది రాజ్యం.

శంకరం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఏడుపు ఇంకా హెచ్చింది. గురువుగారు లేచి, భుజం మీది కండువా తీసి అద్దం మీద కప్పి, వచ్చి కూర్చున్నారు.

శంకరానికి చూసుకోడానికి ఏమీ లేకుండా పోయింది. నవ్వు జారిపోయింది. వేషం పోయినట్టే అనుకుని, చేసేదిలేక పిల్లాడి మొహంలోకి చూశాడు.

ఏడుపు నెమ్మదించింది. తడి కళ్ళతో వాడూ చూశాడు. ఒక బోసినవ్వు విసిరాడు. శంకరం మొహం కదల్లేదు. వాడు ఊరుకుంటేగా! "ఉంగా" అన్నాడు, కాళ్ళు తన్నాడు, కనుబొమలెత్తాడు, మళ్ళీ నవ్వాడు. నీ వంతు వచ్చింది, కానియ్యి అన్నట్టు ఆగి చూశాడు.

"ఓరి భడవా, నాకే పాఠం చెబుతున్నావుట్రా?" అన్నాడు శంకరం.

అంటున్నప్పుడు ముందు పెదవి కదిలిందో, బుగ్గే కదిలిందో అతనికి తెలీదు. పిల్లాడు కిలకిలమన్నాడు. వాడు ఒకటంటే ఇతనొకటి, ఇతనొకటంటే వాడొకటి.

శంకరం తలెత్తేసరికి గురువుగారు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నారు.

"రేపటికి జడ సిద్ధం చేసుకో."

"మరి అద్దమండీ?"

"రంగు పూసుకోడానికి. పూసుకున్నాక కప్పెయ్యి."

సరే అమ్మడూ, విన్నావుగా, ఇక లే. పక్కింటి పసిది లేచినట్టుంది, వాళ్ళమ్మ మేడ మీద బట్టలారేస్తోంది. ఆవిడ దిగేదాకా కాస్త ఎత్తుకో. ఆ ఫోను ఇటిచ్చి వెళ్ళు.