తాళం వేసిన వెయిటింగ్ హాలు

“ఈ స్టేషన్ ప్రజలది! దీని తలుపు ఏ ప్రయాణికుడి ముందూ మూతపడనివ్వం!” అని కంచుగుమ్మ స్టేషన్ మెట్ల మీద ప్రమాణం చేసిన ప్రయాణికుల సంఘం అధ్యక్షుడు తవిటయ్య, మైకు ముందు లోకమంతా తనవాళ్ళే అనేవాడు, మైకు దించాక ఊరివాళ్ళను తప్ప ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చే కూలీలు బండి కోసం వెయిటింగ్ హాలులో కూర్చునేవారు. తవిటయ్యకు అది గిట్టలేదు. హాలు ఊడ్చే బాధ్యత సంఘానిదే కాబట్టి, ఒకరోజు వాళ్ళను బయటికి పంపి తలుపుకు తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలమ్మే గవరయ్య అది చూసి నవ్వాడు.

“ఏం బావా, ప్రజల ఆస్తికి తాళమేమిటి?”

“వాళ్ళు మన ప్రజలు కారు. అయినా స్టేషన్‌ని ప్రైవేటు కంపెనీకి ఇచ్చేయమనేవాడివి, నువ్వు మాట్లాడకు.”

“కంపెనీ వస్తే కుళాయిలో నీళ్ళైనా వస్తాయి.”

“నీకు ఆ కూలీలు కావాలి. ఇడ్లీలు తింటారుగా!”

“తింటారు. చట్నీ బాగుందని కూడా అంటారు. నీలాగా వంకలు పెట్టరు.”

కొన్నాళ్ళకు ముసురు పట్టింది. ఆ వానలోనే ఒక రైల్వే అధికారి స్టేషన్ తనిఖీకి వచ్చాడు. తవిటయ్య ఉత్సాహంగా తాళం తీసి హాలు చూపించాడు. లోపల ఒక్క మనిషి లేడు.

“దీన్ని ఎవరూ వాడటం లేదన్నమాట. కంపెనీకి ఇస్తే సరిపోతుంది. కూర్చోవాలంటే వేరే టికెట్టు పెడతారు” అన్నాడు అధికారి.

“అయ్యో, ఇది మా ఊరివాళ్ళది సార్!”

“మరి మీ ఊరివాళ్ళేరి?”

తవిటయ్య ఖాళీ బెంచీల వైపు చూశాడు. ఊరివాళ్ళ ఇళ్ళు స్టేషన్ పక్కనే. కూత వినిపించాకే చెప్పులు వేసుకుంటారు. వాళ్ళకు వెయిటింగ్ హాలుతో పనేముంది? స్టేషన్ ప్రజలదని వెయ్యిసార్లు అరిచిన గొంతు, ఆ ప్రజలేరని అడిగితే మూగబోయింది!

“సాయంత్రం బండికి వెళ్ళేముందు ఇంకోసారి చూస్తాను” అని అధికారి వెళ్ళిపోయాడు.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్న గవరయ్య ముఖం కూడా మాడిపోయింది. “కూర్చోడానికే టికెట్టు కొంటే, ఇక నా ఇడ్లీలేం కొంటారు? పద బావా, వాళ్ళను బతిమాలుకుందాం.”

కూలీలు గూడ్సు షెడ్డు చూరు కింద తడుస్తూ ఉన్నారు. తవిటయ్య సంగతంతా చెప్పాడు. వాళ్ళలో పెద్దదైన సుకాంతి కొంగుతో పిల్ల తల తుడుస్తూ విన్నది.

“నిన్న పరాయివాళ్ళం. ఇవాళ చుట్టాలమయ్యామా అన్నా?”

“తప్పు నాదేనమ్మా. తలుపు తీశాను, రండి.”

“మళ్ళీ వేస్తావు. తాళం మాకిచ్చేయి. అప్పుడు వస్తాం.”

తవిటయ్య తాళమూ, తాళంచెవీ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని గవరయ్యకిచ్చింది. “నీ గల్లాపెట్టెకు తాళం లేదని ఎప్పుడూ ఏడుస్తావుగా, తీసుకో!”

అందరూ నవ్వేశారు.

సాయంత్రం అధికారి వచ్చేసరికి హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు బెంచీల మీద నిద్రపోతున్నారు. గవరయ్య ఇడ్లీలు పంచుతున్నాడు. తవిటయ్యకు కూర్చునే చోటు లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మైకు లేకుండా అంత తృప్తిగా అతను ఎప్పుడూ నిలబడలేదు.

“వీళ్ళంతా ఎవరు?” అన్నాడు అధికారి.

“ప్రజలు సార్” అన్నాడు తవిటయ్య.

“హాలు వాడుకలోనే ఉందని పైవాళ్ళకు రాస్తాను” అని అధికారి బండెక్కాడు. పైవాళ్ళు ఇంతవరకూ నోరు విప్పలేదు. హాలు తలుపు మాత్రం ఆనాటి నుంచి తెరిచే ఉంది.

పరాయివాడని ఒక్కడి ముందు తలుపు మూసినా, అందరిదీ అనుకున్నది చివరికి మనకూ దక్కదు. ఇదీ నీతి. కంచుగుమ్మ తవిటయ్య నేర్చుకున్నాడు. ఆ హాలును ప్రజలకే ఉంచుతారా, అమ్ముకుంటారా? పైవాళ్ళు వచ్చే గణతంత్ర దినం, జనవరి ఇరవై ఆరు లోపు జవాబు చెప్పాలి.