నాలుగో చేతిముద్ర

చెయ్యి తడుపు చిన్నమ్మా, పసుపు నీళ్ల చిన్నమ్మా
తూర్పు గోడ చెమ్మ గోడ, ఎండబెట్టి ఏలుకో
వంటింటి పెంకు జారు పెంకు, వానకు ముందే సర్దుకో
వీధి తలుపు ఉబ్బు తలుపు, విసుక్కోక తీసుకో
ఊఁ ఊఁ ఊఁ ఊఁ...

చిన్నప్పుడు బొమ్మరిళ్లు కట్టుకుని ఈ పాట పాడేవాళ్లం. మూడు జబ్బులూ చెప్పాక, నాలుగో దాని దగ్గర అందరం కలిసి ఊఁ ఊఁ అనేవాళ్లం. అక్కడ మాటలుండేవి, నేనే మరిచిపోయానని చాలా ఏళ్లు అనుకున్నాను. ఈ వయసులో అక్షరాలు వచ్చాయి కదా, పాటని కాగితం మీద పెడదామని కూర్చుంటే ఆ వరుస దగ్గర కలం ఆగిపోయింది. అప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది.

ఒక ఊళ్లో ఒక పెద్దావిడ ఇల్లు అమ్ముకుంటోంది.

చిన్న పెంకుటిల్లు. ముందు వసారా, మధ్య గది, వెనక వంటిల్లు, పెరట్లో ఒక ములగచెట్టు. నలభై ఏళ్లు ఆవిడే అలికింది, ఆవిడే వెల్ల వేసింది. ఏటా వానలకు ముందు నిచ్చెనెక్కి పెంకులు తనే సర్దింది. ఇప్పుడు చూపు మసకబారింది. నిచ్చెన మెట్టు ఎక్కడుందో కాలికి తెలియడం లేదు. పొరుగూళ్లో ఉన్న చెల్లెలు తన దగ్గరికి వచ్చెయ్యమంది. ఈ వానల్లోపు ఇల్లు ఒక చేతిలో పెట్టకపోతే ఇల్లూ నిలవదు, తనూ నిలవదు.

ఆ ఊళ్లో ఇల్లు అమ్మడమంటే పిల్లనివ్వడం లాంటిదే. అప్పగింతలు పెట్టాలి. కొన్న ఇల్లాలు పసుపు నీళ్లలో చెయ్యి తడుపుతుంది. అమ్మిన ఇల్లాలు ఆ చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పుతుంది. ఇంటికి ఎక్కడ ఏ జబ్బుందో పాటలో చెప్పి, అక్కడ ఆ చేతిముద్ర వేయిస్తుంది. ఆ తర్వాత గడప దాటుతుంది. ఒకసారి దాటాక మళ్లీ ఆ గడప తొక్కకూడదు. తొక్కితే బేరం చెల్లదు, ఇల్లు మళ్లీ ఆవిడదే.

ఆ ఇంటికి జబ్బులు నాలుగు. గోడకి చెమ్మ, పెంకుకి జారుడు, తలుపుకి ఉబ్బు. నాలుగోది మధ్య గది దూలం. పైకి ఏనుగు తొండంలా బలంగా కనిపిస్తుంది. వేలితో కొడితే డొల్లగా మోగుతుంది. లోపలంతా చెదలే.

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. మొదట కొనడానికి వచ్చినవాళ్లకి చెప్పింది, వాళ్లు వెళ్లిపోయారు. రెండోసారి వచ్చినవాళ్లకీ చెప్పింది. "ఇంటి నడుమే విరిగితే ఇంకేముందమ్మా" అని వాళ్లూ వెళ్లిపోయారు. ఆకాశంలో మబ్బు కనిపించడం మొదలైంది. ఆవిడ చెదలు కట్టిన మట్టి గీసేసి, దూలానికి ఎర్రమట్టి జాజు పూసింది.

"ఎర్రగా ముస్తాబు చేశావు. ఎవరిని చూడ్డానికి రమ్మన్నావు?" అంది దూలం.

"నలభై ఏళ్లు మోశావు. ఇంకొన్నాళ్లు మోయలేవా?" అంది ఆవిడ.

"మోయగలిగితే జాజు ఎందుకు పూశావు?"

ఆవిడ చేతికంటిన ఎరుపు కడుక్కుంది.

మూడోసారి వచ్చింది ఒక చిన్నది, ఏడో నెల కడుపుతో. ఇల్లు చూసి, ములగచెట్టు చూసి, నవ్వి, ఇదే కావాలంది. అప్పగింతలకి ఇరుగూపొరుగూ వచ్చారు. గోడమీద ఒక ముద్ర పడింది, పెంకు కింద ఒకటి, తలుపుమీద ఒకటి. పెద్దావిడ మధ్య గదిలోకి వచ్చింది. తల పైకెత్తింది. నోరు తెరిచింది. మాట రాలేదు. రాగం మాత్రం వచ్చింది, ఊఁ ఊఁ అని.

అప్పగింతల్లో గొంతు పూడుకుపోవడం మామూలే. అందరూ ఏడుపనుకున్నారు. "ఆ ఏడుపు ఇంటికోసం కాదర్రా, పెరట్లో ములక్కాడల కోసం" అంది పక్కింటి ముసలమ్మ. అందరూ నవ్వారు. చిన్నది మాత్రం నవ్వలేదు. తన కొంగుతో ఆవిడ కళ్లు తుడిచింది.

"బెంగపడకు పెద్దమ్మా, బాగా చూసుకుంటాను" అంది.

పెద్దావిడ గడప దాటి వెళ్లిపోయింది.

"ఉత్త చేతులతో పోయింది పాపం" అంది గడప.

"ఉత్త చేతులేం కాదు. నా మాట ఒకటి పట్టుకుపోయింది" అంది దూలం.

చెల్లెలి ఇల్లు చల్లగా ఉంది. అన్నం వేళకి అన్నం, మాటకి మనిషి. అయినా ఆవిడకి ముద్ద దిగేది కాదు. గొంతులో ఏదో సన్నగా, ఆగకుండా కొరుకుతున్నట్టుండేది. "ఏమైందే అక్కా?" అంటే "ఊఁ" అనేది. ఇంకేమన్నా అదే "ఊఁ". చెల్లెలు విసుక్కుంది, "నువ్వు మాటలు కూడా ఆ ఇంటితోపాటు అమ్మేశావేమిటే?" అని.

మూడో నెలలో గాజులమ్మే మనిషి చెల్లెలి ఊరు వచ్చింది.

"మీ ఇల్లు కొన్న పిల్లకి ఆడపిల్ల పుట్టిందమ్మా. రేపే ఉయ్యాల్లో వేస్తున్నారు. మధ్య గదిలో ఎర్రటి దూలం ఉందటగా, దానికే కడుతున్నారు. అంత గట్టి దూలం ఊళ్లోనే లేదంటున్నారు."

పెద్దావిడ చేతిలో కంచం కింద పడింది.

తెల్లవారుతూనే కర్ర పట్టుకుని బయలుదేరింది. మసక చూపుతో, కంచెలు తడుముకుంటూ, దారి పొడుగునా అడుగుతూ మధ్యాహ్నానికి చేరింది. ఇంటి ముందు పందిరి వేశారు. లోపల ఆడవాళ్లు లాలిపాట అందుకున్నారు. ఆవిడ గడప ఇవతల నిలబడి పిలిచింది. మూడు నెలలుగా మాట రాని గొంతు అది, ఎంత దూరం పోతుంది? లాలిపాటలో కలిసిపోయింది. తల్లి బిడ్డని రెండు చేతులతో ఎత్తుతోంది.

"దాటితే నేను మళ్లీ నీ దాన్నే. డొల్ల దూలంతో సహా" అంది గడప.

"తెలుసు" అంది పెద్దావిడ, కాలు ఎత్తి లోపల పెట్టింది.

జనం మధ్యనుంచి తోసుకుంటూ వెళ్లి, కర్ర ఎత్తి దూలాన్ని పొడిచింది. కర్ర అప్పడంలోకి దిగినట్టు దిగింది. ఎర్రటి పెచ్చు ఊడి, దాని వెనక బూడిద రంగు పొడి దోసిళ్లకొద్దీ ఖాళీ ఉయ్యాల్లోకి రాలింది. పాట ఆగిపోయింది. బిడ్డ తల్లి చేతుల్లోనే ఉంది.

ముందు తేరుకున్నది పక్కింటి ముసలమ్మ.

"ఎంత పని చేశావే! అమ్మిన ఇంట్లో అడుగు పెట్టావు. ఇల్లు మళ్లీ నీ మెడకి చుట్టుకుంది."

"చుట్టుకోనీ వదినా" అంది పెద్దావిడ. గొంతు వచ్చింది.

చిన్నది బిడ్డని గుండెకి అదుముకుని ఆవిడ వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వు ఏడుస్తున్నావనుకున్నాను. నా కొంగుతో నీ కళ్లు తుడిచాను పెద్దమ్మా."

"తుడిచావు. ఆ తుడవడమే తల్లీ, ఇన్నాళ్లూ నన్ను తినేసింది."

చిన్నది బిడ్డని ముసలమ్మ ఒళ్లో పెట్టింది. కొంగు బిగించి, ఉయ్యాల విప్పి, పొడి దులిపింది.

"ఇల్లు ఇప్పుడు నీది. ఈసారి నాలుగు జబ్బులూ చెప్పి నాకు మళ్లీ అమ్ముతావా?" అంది.

"అమ్ముతాను తల్లీ, ముందు దీని నడుము మార్పిస్తాను" అంది పెద్దావిడ.

చెల్లెలి పెరట్లో ముదురు తాడిమాను ఒకటి ఉండేది. పెద్దావిడ దాన్ని కొట్టించి, చేవ చూసి, బండిమీద తెప్పించింది. పాత దూలం దించారు. దించేటప్పుడు నలుగురు మనుషులు పట్టారు కానీ ఇద్దరికే బరువు తగిలింది. కొత్తది ఎక్కించాక, ఎండు పుల్లతో ప్రతి వాసం, ప్రతి గుంజ పొడిచి చూడడం పెద్దావిడ చిన్నదానికి నేర్పింది. మట్టి గీత కనిపిస్తే ఎంతదాకా గీకాలో, వేపనూనె ఎక్కడ పట్టించాలో చూపించింది. చిన్నది అడుగుతూనే ఉంది, ఆవిడ చెబుతూనే ఉంది.

ఆ తర్వాత పసుపు నీళ్లు కలిపారు. గోడ, పెంకు, తలుపు. మధ్య గదిలో నిచ్చెన వేసి, చిన్నదాన్ని ఎక్కించి, పెద్దావిడ కింద నిలబడి నాలుగో వరుస పాడింది, మాటలన్నీ పెట్టి, ఇంటి నడుము ఎలా డొల్లయిందో, తను దాన్ని ఎలా ఎర్రగా కప్పిపెట్టిందో. చిన్నది కొత్త దూలం మీద చెయ్యి గట్టిగా అద్దింది. నాలుగో ముద్ర పడింది.

ఈసారి పక్కింటి ముసలమ్మ ములక్కాడల మాట ఎత్తలేదు.

పెద్దావిడ గడప దాటి వీధిలోకి దిగింది. చిన్నది బిడ్డనెత్తుకుని గడప లోపల నిలబడింది. నాలుగడుగులు వేశాక పెద్దావిడ వెనక్కి తిరిగింది. ఆ చూపుకి తల్లీ బిడ్డా ఒకటే మసకగా కనిపించి ఉంటారు.

"నీ కూతురికి ఈ పాట నేర్పు తల్లీ. నాలుగో వరుస మాత్రం నేర్పకు. దాని ఇంటి నాలుగో జబ్బు అదే వెతుక్కోనీ."