దోమల మందుకు పెట్టిన పరీక్ష

రండర్రా, గడప మీద వేలాడేవాళ్ళు కూడా లోపలికొచ్చి చాప మీద సర్దుకు కూర్చోండి.

గంగిరేవులో పైడయ్య, గవరయ్య అని అన్నదమ్ములుండేవారు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందనీ, ఎక్కడ బయటికి పోతుందోననీ పగలు కూడా తలుపు వేసుకునేవారు. వాళ్ళమ్మ ఎర్రమ్మకి ఆ వానాకాలంలో అది మూడో చలిజ్వరం.

ఒకరోజు పొద్దున్నే మలేరియా ఇనస్పెక్టరు కొత్త స్ప్రేయరూ, దోమలున్న రెండు వలబుట్టలూ తెచ్చాడు.

"ఒక పొదకి మందు కొట్టి, అందులో ఒక బుట్ట పెట్టండి. ఆకు కింది వైపు కూడా తడవాలి. రెండోది మందు కొట్టని పొదలో పెట్టండి. సాయంత్రానికి మందు కొట్టిన చోటివి చావాలి, కొట్టని చోటివి బతకాలి. అలా అయితే యంత్రం మీ ఊరికే. లేదంటే పక్కనున్న రేగువలసకి" అన్నాడు.

"అన్నా, అమ్మ బతకాలంటే యంత్రం మనకే రావాలి" అన్నాడు గవరయ్య.

"వస్తుందిరా. ఆకు కింది వైపు తడవాలంటే అది పైకి రావాలి కదా!"

అంతే. పొదని వేళ్ళతో సహా పీకి, తలకిందులుగా పాతి, మందు కొట్టి, బుట్ట పెట్టారు.

ఇక రెండో బుట్టకి కాపలా. "ఇవి నీరసంగా ఉన్నాయన్నా! చస్తే యంత్రం పోతుంది." ఇంకేముంది, వంతులేసుకుని బుట్టలో చేతులు పెట్టి కుట్టించుకున్నారు.

"బయటి దోమలొచ్చి వీటిని కుడితేనో?" అంతే, అమ్మ మంచానికున్న దోమతెర ఊడదీసి బుట్ట చుట్టూ కట్టారు.

"ఒరే, మరి నన్ను కుట్టవట్రా?" అంది ఎర్రమ్మ వణుకుతూ.

"ఇవి బతకాలని ఇనస్పెక్టరుగారు చెప్పారే అమ్మా. నీ గురించి ఆయనేం చెప్పలేదు."

సాయంత్రం ఇనస్పెక్టరు వచ్చేసరికి మందు కొట్టిన పొదలో దోమలన్నీ చచ్చి ఉన్నాయి. తెరలోవి బలిసి తిరుగుతున్నాయి. ఆకాశం వైపు వేళ్ళు చాపిన పొద చుట్టూ ఆయన రెండుసార్లు తిరిగి, చచ్చిన దోమల్ని లెక్కపెట్టుకున్నాడు.

"యంత్రం మీదే. ఊళ్ళో పొదలన్నిటికీ కొట్టండి" అని వెళ్ళిపోయాడు.

ఒక్క పొద వదలకుండా తిరగేసి పాతి, కొట్టారు. దోమలు పోయాయి. ఎర్రమ్మకి జ్వరం కూడా దిగింది. అన్నదమ్ములు మాత్రం పొదల ముందు దిగులుగా కూర్చున్నారు.

"ఇంత మందు కొట్టాం, చావడానికి ఒక్క దోమా లేదన్నా!"

"పొదలో మనం పెడితేనే కదరా చస్తాయి!"

ఇంకేముంది, కుండలు పట్టుకుని దోమల కోసం రేగువలస వెళ్ళారు. "పట్టుకుపోండి నాయనా, ఇంకో కుండ ఇమ్మంటారా?" అని ఆ ఊరివాళ్ళు దగ్గరుండి సాయం చేశారు. మూడు రోజుల్లో అక్కడ దోమన్నది లేకుండా మోసుకొచ్చి, పొదల దగ్గర మూతలు తీశారు. అవి పొదల వంక చూస్తేనా? తిన్నగా ఇళ్ళలోకి!

ఎర్రమ్మ మూట కట్టింది.

"ఎక్కడికే అమ్మా?"

"రేగువలసకి! అక్కడ దోమల్లేవుట!"

గవరయ్య మురిసిపోయాడు. "చూశావా అన్నా, మన యంత్రం ఎంత దూరం పనిచేసిందో!"

సరే, లేవండి. చేతులు కడుక్కుని బువ్వ తినండి, ఇళ్ళ దగ్గర చారు చల్లారిపోతోంది.