తొమ్మిది కుప్పల పన్ను

ఇప్పలకోన అనే అడవిలో నేలకింద కాపురం ఉండే జంతువులే ఎక్కువ. ఏదుపందులు, ముంగిసలు, కుందేళ్లు, అలుగులు, పందికొక్కులు అక్కడ కొండవాలు పొడుగునా బొరియలు తవ్వుకుని బతికేవి. వాటికి పులి అంటే భయం ఉండేది. వాన అంటే అంతకన్నా భయం ఉండేది.

వానాకాలం వస్తే కొండమీది నీళ్లన్నీ వాలు వెంట దూకి వచ్చి బొరియల్లో చొరబడేవి. ఒక ఏడు ఒకే ఒక్క వానకు కోనలో ఎన్నో పిల్లలు నిద్రలోనే మునిగిపోయాయి. ఆ దుఃఖంలో జంతువులన్నీ ఒకచోట చేరి అడవి సభ పెట్టుకున్నాయి. ఏటా వానలకు ముందు ప్రతి బొరియ చుట్టూ కందకం తవ్వి గట్టు పోసే పని అడవిపందులకు అప్పగించాయి. పాత కందకం ఏడాది తిరిగేలోపు మట్టితో పూడిపోయేది. ఎండలు ముదిరితే చుట్టూ రాలిన ఆకులు ఊడ్చి, మంటలు రాకుండా చూసే పని కూడా వాటిదే.

పని చేసేవాళ్లకు తిండి కావాలి కదా. అందుకని సభ బొరియ పన్ను పెట్టింది. చైత్రంలో ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఏడాది మొత్తానికీ పన్ను ముందే కట్టేయాలి. నెలకొక కుప్ప చొప్పున పన్నెండు కుప్పలు. దుంపలు కావచ్చు, గింజలు కావచ్చు, ఇప్పపువ్వు కావచ్చు. చీమలు మాత్రం చెల్లవు. చీమలే తిని బతికే అలుగులకు ఇది కష్టమే. కానీ చీమలు తిని కందకం తవ్వే అడవిపంది ఇంతవరకు పుట్టలేదు.

మరి ఏడాది మధ్యలో బొరియ చేతులు మారితే? దానికీ ఒక పద్ధతి ఉంది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు బొరియ ముందు కూర్చుని పన్నెండు రాళ్లు వరుసగా పేరుస్తారు. మూపయ్య అనే అడవిదున్న సభకు పెద్ద. అతను వచ్చి, అప్పటికి ఎన్ని నెలలు గడిచాయో చూసి, రాళ్ల మధ్య గిట్టతో గీత గీస్తాడు. గడిచిన నెలలు అమ్మేవాళ్లవి. రాబోయే నెలలు కొనేవాళ్లవి.

అమ్మేవాళ్లు ఏడాదంతటికీ ముందే కట్టి ఉంటే, రాబోయే నెలల కుప్పలు కొనేవాళ్లు వాళ్లకు తిరిగి ఇస్తారు. అమ్మేవాళ్లు ఇంకా కట్టి ఉండకపోతే, గడిచిన నెలల కుప్పలు కొనేవాళ్ల చేతిలో పెట్టి వెళ్తారు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క ఇది. దీనిమీద తగువు పెట్టుకోవాలంటే చాలా తెలివి ఉండాలి. ఆ తెలివి గాదెయ్యకు ఉంది.

గాదెయ్య ఒక పందికొక్కు. అడవి అంచున ఉన్న వరిచేలలో ఏళ్ల తరబడి గింజలు మోసి మోసి బాగా కూడబెట్టాడు. ఆ వడ్లు దాచడానికి పెద్ద బొరియ కోసం వెతుకుతూ ఇప్పలకోనకు వచ్చాడు.

అప్పుడే చారమ్మ తన బొరియ అమ్మాలనుకుంటోంది. చారమ్మ ఒక ఏదుపంది. ఏదుపంది, పందికొక్కు, అడవిపంది అన్నానని వీళ్లంతా చుట్టాలనుకోకండి, పేర్లు కలిశాయంతే. చారమ్మ మగడిని మాఘంలో చిరుత పట్టుకుపోయింది. ఇద్దరు పసిపిల్లలతో ఆమె మిగిలింది. దుంపలు దొరికే చోటు కొండ పైన ఉంది. పిల్లలను కింద వదిలి అంత దూరం వెళ్లాలంటే ఆమె గుండె ఒప్పుకోలేదు.

పైన పొలుసయ్య అనే ముసలి అలుగు ఉండేవాడు. అతను కొండకు అవతల ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతూ తన బొరియ అమ్మకానికి పెట్టాడు. కింది బొరియ అమ్మి, ఆ వచ్చిన దానితో పై బొరియ కొనాలి. వానలు పడేలోపు పిల్లలను అక్కడికి చేర్చాలి. చారమ్మ ఆశ అంతా అదే.

గాదెయ్య బేరమాడాడు. ఉదయం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా ఆడాడు. చివరికి చారమ్మ అలిసిపోయి ఒప్పుకుంది. వచ్చిన వడ్లు పొలుసయ్య బొరియకు సరిగ్గా సరిపోతాయి. ఒక్క గింజ కూడా మిగలదు.

"గాదెయ్యన్నా, ఒక మాట ముందే చెబుతున్నాను. ఇది పల్లంలో ఉన్న బొరియ. కందకం లేకపోతే ఇక్కడ నిలవలేం," అంది చారమ్మ.

"సర్లేమ్మా, నాకు తెలీదా!" అన్నాడు గాదెయ్య. అతని కళ్లు లోపలి గదుల మీదే ఉన్నాయి.

జ్యేష్ఠం ముగిసిన రోజున బొరియ చేతులు మారింది. కోనలోని జంతువులు చుట్టూ చేరాయి. పన్నెండు రాళ్లు పేర్చారు. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, మూడు నెలలు గడిచాయి. మూపయ్య గీత గీయడానికి కాలు ఎత్తాడు.

"ఆగండి," అన్నాడు గాదెయ్య. "ఈ గీత ఎందుకు?"

"ఆమె ఏడాదంతటికీ కట్టింది. మిగిలిన తొమ్మిది నెలలు ఈ బొరియలో ఉండేది నువ్వు. ఆ తొమ్మిది కుప్పలు ఆమెకు ఇవ్వాలి," అన్నాడు మూపయ్య.

"అదెలా కుదురుతుంది? నేను కొన్నది బొరియ. ఈవిడ పన్ను కాదు. ఈవిడ కట్టింది ఈవిడ పేరున కట్టింది. పన్ను కట్టినవాళ్లతో పోతుంది గానీ మట్టితో ఉండిపోతుందా? నేను ఒక్క గింజ ఇవ్వను."

చారమ్మ ఆ పన్నెండు రాళ్ల వైపు చూసింది. గాదెయ్య వైపు తిరిగి అంది. "అన్నా, నేను ఉన్న మూడు నెలలకు నిన్ను ఏమీ అడగలేదు. పై బొరియకు పొలుసయ్య తాత పన్ను కట్టలేకపోయాడు. నేనే కట్టాలి. నువ్వు ఇచ్చే కుప్పలే అక్కడ కడదామనుకున్నాను. అవి లేకపోతే నా పిల్లలకు కందకం ఉండదు."

"అది నీ గొడవ. నాకెందుకు చెబుతావు?" అన్నాడు గాదెయ్య.

వింటున్న కుందేళ్లు తలలు దించుకున్నాయి. అలాంటి మాట ఆ కోనలో అంతకుముందు ఎవరూ అనలేదు.

మూపయ్య ఎత్తిన కాలు దించాడు. "పన్ను కట్టినవాళ్లతో పోతుంది. ఇదేనా నీ మాట?" అని అడిగాడు.

"ఇదే నా మాట. పదిమందిలో చెబుతున్నాను," అన్నాడు గాదెయ్య.

"అందరూ విన్నారు," అని మూపయ్య గీత గీయకుండానే వెళ్లిపోయాడు. మూపయ్య నిదానస్తుడు. ఒక మాట విన్నాక దాన్ని గడ్డిలా నెమరు వేసుకున్నాకే నోరు విప్పుతాడు. కానీ ఆ సంగతి గాదెయ్యకు తెలియదు. తానే గెలిచాననుకున్నాడు. ఆ సాయంత్రమే వడ్లు మోసుకొచ్చి గదులు నింపడం మొదలుపెట్టాడు.

చారమ్మ పిల్లలను తీసుకుని ఏడుస్తూ కొండ ఎక్కింది. బొరియ ముందు పొలుసయ్య ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు. అతని పక్కన మూడు కుప్పల ఇప్పపువ్వు ఉంది.

"ఇదేమిటి తాతా?" అని అడిగింది చారమ్మ.

"నేను ఉన్న మూడు నెలలవమ్మా. చైత్రంలో జబ్బుపడ్డాను, ఏరలేకపోయాను. ఇప్పుడు చుట్టుపక్కల వాళ్లను అడిగి, వాళ్ల చెట్ల కింద మిగిలింది ఏరాను. అవి కట్టకుండా నీకు బొరియ అప్పగిస్తే నాకు దారిలో కాళ్లాడవు," అన్నాడు పొలుసయ్య.

ఆ మాటకు చారమ్మ కళ్లు మళ్లీ చెమ్మగిల్లాయి. గాదెయ్యకూ తాతకూ ఉన్నది ఒకే లెక్క. ఇద్దరి బుద్ధుల్లో ఎంత తేడా!

మిగిలిన తొమ్మిది కుప్పల కోసం చారమ్మ రోజూ నేల తవ్వింది. ఎండకు నేల రాయిలా గట్టిపడి ఉంది. దొరికిన నాలుగు దుంపలు పిల్లల కడుపుకే చాలేవి కావు. ఆమె పస్తులుండి కూడబెట్టినా ఒక్క కుప్ప నిండలేదు. పడమట మబ్బులు కమ్ముకున్నాయి.

ఆ రోజు పొద్దున అడవిపందుల గుంపును వెంటబెట్టుకుని మూపయ్య పై బొరియ దగ్గరికి వచ్చాడు. చారమ్మ పిల్లలను వెనక్కి నెట్టి ముందు నిలబడింది.

"పెదనాన్నా, తాత ఇచ్చిన మూడు కుప్పలు ఇవిగో. మిగతావి నా దగ్గర లేవు. ఎంత వెతికినా కూడలేదు. ఉన్నంతవరకే తవ్వమని చెప్పు," అంది.

"నీ పన్ను పూర్తిగా ఉందమ్మా," అన్నాడు మూపయ్య. "చైత్రంలో నువ్వు కట్టిన పన్నెండులో మూడు నెలలు వాడుకున్నావు. తొమ్మిది మిగిలాయి. పన్ను కట్టినవాళ్లతో పోతుందని గాదెయ్యే పదిమందిలో చెప్పాడు. అయితే ఆ తొమ్మిదీ నీతోనే ఈ కొండ ఎక్కాయి. నీవి తొమ్మిది, తాతవి మూడు. లెక్క సరిపోయింది. తవ్వండిరా!"

అడవిపందులు ముట్టెలు మట్టిలో దించాయి. మధ్యాహ్నానికి లోతైన కందకం తయారైంది. ఆ గట్టు చూసి చారమ్మకు చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడింది.

అక్కడి నుంచి గుంపు కిందికి దిగింది. గాదెయ్య బొరియను దాటి ముందుకు పోబోయింది. గాదెయ్య పరుగెత్తుకుని వచ్చాడు.

"ఏయ్, ఎక్కడికి? ఈ బొరియకు ఏడాది పన్ను కట్టి ఉంది. నా కందకం తవ్వండి!"

"కట్టింది చారమ్మ," అన్నాడు మూపయ్య. "ఆమె పన్ను ఆమెతో వెళ్లింది. నువ్వు చెప్పినట్టే జరిగింది."

గాదెయ్య ముఖం మాడిపోయింది. మూపయ్య గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పటికీ మించిపోలేదు నాయనా. ఆమెకు ఇవ్వాల్సిన ఆ తొమ్మిది కుప్పలే సభకు ఇయ్యి. వీళ్లు వెంటనే తవ్వుతారు. మబ్బు చూశావా?"

గాదెయ్య మబ్బు చూశాడు. వెనక్కి తిరిగి వడ్లగదులు చూశాడు. అన్ని వడ్లలో తొమ్మిది కుప్పలు తీస్తే తీసినట్టు కూడా కనబడదు. అయినా అతనికి చేయి రాలేదు. ఒకసారి కాదన్నాక ఇస్తే పదిమందిలో పరువు పోతుందని కూడా అనిపించింది.

"మొదటి వాన చూసి ఇస్తాలే. ప్రతి మబ్బూ కురుస్తుందా ఏమిటి?" అన్నాడు.

మూపయ్య మరోసారి మబ్బు వైపు చూశాడు. తర్వాత పందులను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వాన వచ్చింది. తెరలు తెరలుగా వచ్చింది. కొండంతా తెల్లబడిపోయింది. ఎర్రటి నీళ్లు వాలు వెంట దూకి కందకాలున్న చోట పక్కకు మళ్లాయి. కందకం లేని చోటు కోనలో ఒక్కటే ఉంది.

నీళ్లు మొదటి గదిలోకి వచ్చినప్పుడు గాదెయ్య వడ్లు రెండో గదిలోకి లాగాడు. రెండో గదిలోకి వస్తే మూడో గదిలోకి లాగాడు. లాగడానికి ఇంకో గది లేకుండా పోయాక కూడా గింజలు వదల్లేదు. పైకప్పు మట్టి పెళ్లలుగా ఊడిపడుతుంటే అప్పుడు ప్రాణం గుర్తుకొచ్చింది. బురదలో ఈదుకుంటూ ఎలాగో బయటపడ్డాడు. అతని కళ్ల ముందే బొరియ కుంగిపోయింది.

వణుకుతూ, జారుతూ పైకి ఎక్కాడు. పొడిగా కనిపించిన మొదటి గుమ్మం దగ్గర ఆగాడు. లోపలి నుంచి చారమ్మ తొంగి చూసింది.

"అమ్మా, కాసేపు నిలబడనిస్తావా?" అన్నాడు గాదెయ్య.

అతను అన్న మాటలు చారమ్మ మరిచిపోలేదు. మరిచిపోయే మాటలు కావు అవి. అయినా పక్కకు జరిగి చోటిచ్చింది.

"లోపలికి రా అన్నా. పిల్లలు పడుకున్నారు, చప్పుడు చేయకు."

గాదెయ్య ముడుచుకుని కూర్చున్నాడు. బయట కందకంలో నీళ్లు హోరుమంటూ పోతున్నాయి. అతను ఆ నీళ్లనే చూశాడు.

"ఆ రోజు నేను తొమ్మిది కుప్పలు ఇచ్చి ఉంటే, వాటితో నువ్వు ఈ కందకమే తవ్వించుకునేదానివి. నువ్వు ముందే కట్టిన దానితో నా కందకమూ తవ్వేవాళ్లు. ఇద్దరం పొడిగా ఉండేవాళ్లం," అన్నాడు మెల్లగా.

"అవునన్నా," అంది చారమ్మ. "నేను అడిగింది నువ్వు ఉండబోయే నెలలకే."

గాదెయ్య ముఖం ముంగాళ్లలో దాచుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు వడ్ల కోసమే అని చారమ్మ అనుకోలేదు. ఆమె ఒక దుంప తెచ్చి అతని ముందు పెట్టింది.

కొన్నాళ్లకు వాన వెలిశాక తవ్వి చూస్తే వడ్లన్నీ మట్టికింద మొలకెత్తి, కుళ్లిపోయి ఉన్నాయి. ఏళ్ల సంపాదనలో ఒక పూట తిండి కూడా మిగల్లేదు. గాదెయ్య సభ ముందుకు వెళ్లి తల దించుకున్నాడు. ఆ తొమ్మిది కుప్పలకు బదులుగా తొమ్మిది నెలలూ అడవిపందుల వెనక నడిచి, అవి తవ్విన మట్టి గట్లకు మోశాడు. తన కుంగిన బొరియకు కందకం మాత్రం అందరి కందకాలూ బాగుచేశాక, చివర్లో తవ్వారు.

నీతి: ఇల్లు చేతులు మారిన రోజున ఎవరున్న కాలానికి వారు కట్టుకోవడమే న్యాయం, ఎదుటివారి వాటా ఎగ్గొట్టి మిగుల్చుకున్నది మనకు మిగలదు.