నూటొక్క కొబ్బరికాయల మొక్కు

మేఘగిరి రాజు ఉత్తుంగ భూపతికి ఒకరోజు కోపం రావాల్సిన చోట సరదా పుట్టింది.

ఏటి అవతలున్న పెదలంక జనం ఆయనకు కబురు పంపారు. "మేం విడిపోతాం. మా లంకని మేమే ఏలుకుంటాం. వరదలొచ్చినప్పుడు ఏలినవారికి మేం గుర్తు రాము. అరటిగెలలు పండినప్పుడే గుర్తొస్తాం."

సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు. రాజు వారించాడు.

"జనాన్నే అడుగుదాం. పున్నమినాడు లంకలో ప్రతి మనిషీ కుండలో ఒకటి వెయ్యాలి. ఉంటామంటే గవ్వ, పోతామంటే చింతపిక్క. పిక్కలు ఎక్కువైతే వదిలేస్తాను. ఈలోపు కత్తి తియ్యకుండా, ఆశ పెట్టకుండా, అబద్ధం ఆడకుండా వాళ్ళ మనసు మార్చగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ప్రధాని వాగీశ్వరయ్య లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. తనంత మాటకారి ముల్లోకాల్లో లేడని ఆయన నమ్మకం. "మూడు గంటలు ప్రసంగిస్తాను ప్రభూ. రాళ్ళయినా కరగాల్సిందే."

పక్కనే రాజుకి తాంబూలం చుడుతున్న దాసి పేరమ్మ ఆకు పక్కన పెట్టేసింది. ఆవిడ పుట్టిల్లు పెదలంక. అక్క సింగమ్మ కాపురం ఇప్పటికీ అక్కడే. లంక విడిపోతే అక్కని చూడాలన్నా పరాయి రాజ్యానికి వెళ్ళాలి.

"ప్రభూ, నేనూ ఒక మాట చెప్పి చూడనా?" అంది.

వాగీశ్వరయ్య పకపకా నవ్వాడు. "నేను మూడు గంటలు చెప్పాక నువ్వెంతసేపు చెబుతావమ్మా?"

"ఒక్క వాక్యం చాలు లెండి."

వాగీశ్వరయ్య అన్నంత పనీ చేశాడు. లంకకి వెళ్ళి సమైక్యత మీద గ్రాంథికంలో దంచాడు. మొదటి గంటకి పిల్లలు పారిపోయారు. రెండో గంటకి పెద్దలు కునికిపాట్లు పడ్డారు. మూడో గంటకి మెలకువగా ఉన్నవాళ్ళంతా చింతపిక్కలు ఏరుకోవడానికి పోయారు.

పేరమ్మ మాత్రం లంకకి పోలేదు. తిన్నగా రాజధానిలోని ఆటల మైదానానికి వెళ్ళింది.

ఆ రాజ్యంలో తోలుబంతి ఆటంటే జనానికి ప్రాణం. బంతిని కాలితో తన్ని రెండు వెదురు గడల మధ్య నుంచి పంపాలి. రాజధానివాళ్ళది కొంగల జట్టు, లంకవాళ్ళది మొసళ్ళ జట్టు. ఆడేది ఏడాదికొక్కసారే అయినా వెక్కిరింపులు మాత్రం ఏడాది పొడుగునా సాగేవి.

కొంగల జట్టు అభిమానులకి నాయకుడు కుమ్మరి తిప్పయ్య. పేరమ్మ అతన్ని పలకరించింది.

"తిప్పయ్యా, లంక విడిపోయేలా ఉంది. మీకేమీ బెంగగా లేదూ?"

"బెంగా!" తిప్పయ్య ఎగిరి గంతేశాడు. "మొసళ్ళు పరదేశం వాళ్ళయితే మన పోటీలోకి రానిస్తామా? ఏటేటా వెండి గిన్నె మాదే! ఒరేయ్, వాళ్ళు విడిపోతే గంగమ్మకి నూటొక్క కొబ్బరికాయలు కొడదాంరా!"

"కొడదాం!" అని మైదానమంతా అరిచింది. అక్కడికక్కడే పసుపుగుడ్డలో ముడుపు కట్టేశారు.

పున్నమి ముందురోజు పేరమ్మ పడవెక్కి అక్క ఇంటికి వెళ్ళింది. అరుగు మీద బావ నూకన్న మీసం దువ్వుతున్నాడు. మొసళ్ళ జట్టు అభిమానులకి పెద్ద ఆయనే, విడిపోదామన్న వాళ్ళకీ పెద్ద ఆయనే. చుట్టూ ఊళ్ళోవాళ్ళు చేరి ఉన్నారు.

"రా మరదలా! కొంగలు ఇంకా ఒంటికాలి మీదే నిలబడుతున్నాయా? అందుకే పాపం, బంతి తన్నడానికి రెండో కాలు దొరకట్లేదు!"

"మీ మొసళ్ళేం తక్కువ తిన్నాయా బావా? పోయినేడు మీ కాపలావాడు గడల మధ్య నోరు తెరుచుకుని పడుకున్నాడుగా!"

అంతా గొల్లుమన్నారు. నూకన్న కూడా నవ్వి, "సరేగానీ రేపటి గురించి ఎన్ని చెప్పినా మేం వినం. మా పిక్కలు సిద్ధం" అన్నాడు.

"చెప్పను బావా. రాజధానిలో నేను కళ్ళారా చూసిన సంగతి ఒక్కటి చెప్పి పోతాను."

"ఏమిటది?"

"మీరు విడిపోతే నూటొక్క కొబ్బరికాయలు కొడతామని కొంగల జట్టువాళ్ళు గంగమ్మకి ముడుపు కట్టారు."

నూకన్న మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఎవరు, ఆ తిప్పయ్యేనా?"

పేరమ్మ తలూపి, అక్క పెట్టిన మజ్జిగ తాగి పడవెక్కేసింది.

మర్నాడు సభలో కుండలు బోర్లించారు. గవ్వలు గలగలా రాలాయి. రాలుతూనే ఉన్నాయి. వాటి మధ్య చింతపిక్కలు వెతికితే గుప్పెడు దొరికాయి.

"చూశారా ప్రభూ, నా ప్రసంగం!" అన్నాడు వాగీశ్వరయ్య, ఛాతీ పొంగిస్తూ.

కుండలతోపాటు వచ్చిన నూకన్న చేతులు జోడించాడు. "అయ్యగారి ప్రసంగం మహత్తరం. నెల్లాళ్ళుగా నిద్రపట్టని మా ముసలమ్మ ఆ పూట హాయిగా నిద్రపోయింది."

రాజు నవ్వాపుకుంటూ, "మరి మామీద ప్రేమతో ఉంటున్నారా?" అని అడిగాడు.

"అబద్ధమెందుకు మహాప్రభూ? మేం పోతే ఆ కొంగలు కొబ్బరికాయలు కొట్టుకుని పండగ చేసుకుంటాయిట. ప్రాణం పోయినా సరే, ఆ పండగ జరగనివ్వం!"

లెక్క చూడ్డానికి సభకొచ్చిన తిప్పయ్య ముఖం ఆ మాటకి ముడుచుకుపోయింది. అసలు సంగతి అర్థమై రాజు పేరమ్మ వైపు తిరిగి పడీపడీ నవ్వాడు. సింహాసనం పట్టుకుని ఆపుకుని, కళ్ళు తుడుచుకున్నాడు.

"అంతా బాగుంది పేరమ్మా. రేపెప్పుడైనా ఈ రెండు జట్లూ రాజీపడితే నా రాజ్యం గతేమిటి?"

"అంతటి ఉపద్రవం రానిస్తానా ప్రభూ? ఇక్కడి మాట అక్కడా, అక్కడి మాట ఇక్కడా రోజూ మోస్తూనే ఉంటాను!"

సభంతా గొల్లుమంది. నూకన్న, తిప్పయ్య ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుని నవ్వి, అంతలోనే గుర్తొచ్చి దూరం జరిగారు.

రాజు అప్పటికప్పుడు పేరమ్మకి రంగులు వేసిన కొత్త పడవనీ, దాన్ని నడపడానికి ఇద్దరు సరంగులనీ బహుమానంగా ఇచ్చాడు.